ఒకేలా ఆడుతున్న మూడు ఖాతాలు: ఆన్‌లైన్ పోకర్‌లో బాట్లను గుర్తించడం ఎలా?

టపా 1 | ఎడిసన్‌వాసి

అందరికీ నమస్కారం. నేనుండే న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్ 2013 నవంబరు నుంచి చట్టబద్ధమైన ఆట. లైసెన్సు ఉన్న సైట్లలో ఒకదానిలో, పిల్లలు పడుకున్నాక, ఆరుగురు కూర్చునే టేబుళ్ళ మీద 25/50 సెంట్ల నో-లిమిట్ హోల్డెమ్ (పందేనికి పై హద్దు లేని పోకర్) ఆడడం నాకు నాలుగేళ్ళుగా అలవాటు. పెద్దగా గెలిచిందీ లేదు, ఇల్లు గుల్ల చేసుకున్నదీ లేదు. అయితే గత నాలుగు నెలలుగా మూడు ఖాతాల మీద నాకు అనుమానం పట్టుకుంది.

మా సైటు ప్రతి హ్యాండ్ (ముక్కలు ఒకసారి పంచి ఆడే ఆట) వివరాలనూ ఫైలుగా దించుకోనిస్తుంది. నా దగ్గరున్న 41,000 హ్యాండ్లలో ఈ మూడు ఖాతాలు ఒక్కొక్కటి సుమారు 9,000 హ్యాండ్లలో కనిపిస్తాయి. తమంతట తాము డబ్బు పెట్టి పాట్‌లోకి (అందరి పందేలూ చేరే కుప్పలోకి) దిగే శాతం, అంటే వీపిప్, వాటికి వరుసగా 23.8, 23.9, 24.1. ఫ్లాప్‌కు ముందు (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా మొదటి మూడు ముక్కలు పరచకముందు) రైజ్ చేసే, అంటే పందెం పెంచే శాతం 19.2, 19.4, 19.3. మూడింటిలో ఏ ఒక్కటీ చాట్‌లో ఇంతవరకు ఒక్క మాట రాయలేదు.

గత గురువారం ఆ మూడింటిలో ఒకదానితో జరిగిన ఒక హ్యాండ్ చెబుతాను. నా చేతిలో రెండు తొమ్మిదులున్నాయి, ఫ్లాప్‌లో మూడవది పడింది. రివర్, అంటే చివరిదైన అయిదవ ఉమ్మడి ముక్క, వచ్చేసరికి పాట్‌లో 22 డాలర్లున్నాయి. నా దగ్గర మిగిలిన 39 డాలర్లూ ముందుకు తోశాను. అక్కడిదాకా నాతో వచ్చిన మనిషి ఎవరైనా తల పట్టుకోవలసిన చోటు అది. నాలుగు సెకన్లలో ఫోల్డ్ వచ్చింది. ఫ్లాప్‌కు ముందు పనికిరాని ముక్కలు పడేయడానికి కూడా ఆ ఖాతాకు పట్టేది ఆ నాలుగు సెకన్లే.

వీటిని బాట్లని, అంటే మనిషికి బదులు ఆడే ప్రోగ్రాములని, చెప్పడానికి ఈ ఆధారాలు సరిపోతాయా? సరిపోకపోతే నాలాంటి మామూలు ఆటగాడు ఇంకేమి చూడవచ్చు?

టపా 2 | నిర్వాహకుడు

మొదటి టపాలోని ఖాతాల పేర్లను తొలగించాను. నేరం తేలకముందే పేర్లు పెట్టడం ఈ వేదిక పద్ధతి కాదు. వాటిని క, చ, ట అని పిలుచుకుందాం.

టపా 3 | పాతముక్క

ఎడిసన్‌వాసి గారూ, మీ ప్రశ్న కొత్తది కాదు కానీ దాని స్వరూపం చాలా మారింది. అసలు డబ్బుతో ఆన్‌లైన్ పోకర్ మొదలైంది 1998లో. 2000 తరువాతి దశకం మధ్యకు వచ్చేసరికే విన్‌హోల్డెమ్ అనే బాట్ ప్రోగ్రాం బహిరంగంగా అమ్మకానికి వచ్చింది, ఆ తరువాత ఓపెన్‌హోల్డెమ్ అనే ఉచిత ప్రోగ్రాం వచ్చింది. అవి తెరమీది ముక్కలను, అంకెలను చదివి, యజమాని రాసి పెట్టిన సూత్రాల ప్రకారం బటన్ నొక్కేవి. నిజం చెప్పాలంటే వాటిలో ఎక్కువ భాగం చెత్తగా ఆడేవి. అప్పట్లో టేబుల్ మీద బాట్ కనిపిస్తే మేము లేచిపోయేవాళ్ళం కాదు, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళం.

ఆ భరోసా పోయి చాలా కాలమైంది. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను ఆచరణలో పూర్తిగా సాధించేశామని కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు 2015లో ప్రకటించారు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ అనే ప్రోగ్రాం 1,20,000 హ్యాండ్లలో నలుగురు వృత్తి ఆటగాళ్ళను ఓడించింది. 2019లో వచ్చిన ప్లూరిబస్ ఆరుగురి ఆటలోనూ పైచేయి సాధించింది. నన్ను కలవరపెట్టింది దాని గెలుపు కాదు, ఖర్చు. దాని మూల వ్యూహాన్ని 64 కోర్ల సర్వర్ ఒక్కదాని మీద ఎనిమిది రోజులలో తయారు చేశారు. ఆన్‌లైన్ ఆట దెబ్బతింటుందనే భయంతో దాని ప్రోగ్రామును పరిశోధకులు బయటపెట్టలేదు. మంచి పనే చేశారు. కానీ దారి ఉందని తెలిశాక నడిచేవాళ్ళు ఊరుకుంటారా?

ఇక గుర్తించడం గురించి. 2015లో పోకర్‌స్టార్స్‌లో పాట్-లిమిట్ ఒమాహా అనే మరో రకం పోకర్ ఆడే కొన్ని ఖాతాల మీద మొదట అనుమానం వ్యక్తం చేసింది ఆటగాళ్ళే. మీలాగే హ్యాండ్ ఫైళ్ళు ముందేసుకుని, ఆ ఖాతాల అంకెలు నమ్మశక్యం కానంత దగ్గరగా ఉన్నాయని చూపారు. వాటి మొత్తం గెలుపు 15 లక్షల డాలర్ల దాకా ఉంటుందని వాళ్ళే అంచనా కట్టారు. కాబట్టి మీరు పట్టుకున్న దారి తప్పు కాదు, కానీ మీ దగ్గరున్న అంకెలు మాత్రం అంతటి భారం మోయలేవు. ఆ సంగతి సంభావ్యత గారు నాకంటే బాగా చెప్పగలరు.

టపా 4 | సంభావ్యత

పాతముక్క గారు పిలిచారు కాబట్టి లెక్కలోకే వస్తాను. వీపిప్ 24 శాతం దగ్గర ఉన్న ఆటగాడిని 9,000 హ్యాండ్లలో చూస్తే ఆ అంకెకు ప్రామాణిక దోషం, అంటే యాదృచ్ఛికంగా అటూ ఇటూ ఊగే మేర, సుమారు 0.45 శాతం. ఇద్దరు ఆటగాళ్ళ మధ్య తేడా చూసేటప్పుడు ఆ దోషం 0.64 దాకా పెరుగుతుంది. దీని అర్థమేమిటంటే, ఒకే ప్రోగ్రాం రెండు ఖాతాలలో కూర్చుని ఆడినా వాటి అంకెల మధ్య అర శాతం తేడా రావడం మామూలే. 23.8, 23.9 పక్కపక్కన ఉన్నాయని ఉలిక్కిపడనక్కరలేదు, అలాగే 23.5, 24.1 ఉంటే అనుమానం తీరిపోయిందని అనుకోనూ కూడదు. అచ్చుగుద్దినట్టు ఒకే అంకె ఉండడమే బాట్ లక్షణమని చాలామంది పొరబడుతుంటారు.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. మీ సైటులో ఈ స్థాయి బల్లల మీద రోజూ ఆడేవారు 400 మంది ఉన్నారనుకుందాం. వారిలో జంటలు 79,800 అవుతాయి. వెయ్యింట ఒకసారి మాత్రమే జరిగే యాదృచ్ఛిక పోలిక కూడా అన్ని జంటలలో సుమారు 80 చోట్ల కనిపిస్తుంది. పైగా ఆరుగురి ఆటలో ఈ కాలంలో శ్రద్ధగా చదువుకున్నవారందరూ దాదాపు ఒకే పాఠం చదివినవారే కాబట్టి, 24, 19 అనే జంట అంకెలు ఒక బాట్ ముద్ర కంటే ఒక బడి యూనిఫాం అనడమే సబబు.

అందుచేత అందరూ ఒకేలా నేర్చుకున్న చోట్లు వదిలి, ఎవరూ నేర్పని చోట్లు వెతకండి. ఉదాహరణకు టర్న్‌లో (నాలుగవ ఉమ్మడి ముక్క దగ్గర) చెక్-రైజ్, అంటే ముందు ఊరుకున్నవాడు తరువాత పందెం పెంచడం, ఎదురైనప్పుడు ఫోల్డ్ చేసే శాతం, రివర్‌లో తానే ముందుకొచ్చి చిన్న బెట్ పెట్టే శాతం, పెద్ద పాట్ ఓడిన తరువాతి 20 హ్యాండ్లలో వీపిప్ మారే తీరు. ఒక్కొక్కదానికి మీ దగ్గర వంద సందర్భాలకు మించి దొరకవు. వంద సందర్భాలలో దోషం 5 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఏ ఒక్కటీ ఏమీ రుజువు చేయదు. కానీ ఇలాంటివి నలభై పేర్చి, నలభైలో ఎన్ని చోట్ల రెండు ఖాతాలు దోషపు హద్దు లోపల ఉన్నాయో చూడండి. ఒకే ప్రోగ్రాం అయితే రెండు ప్రామాణిక దోషాల హద్దులో 38 దాకా ఇమడాలి.

ఒక నియమం మాత్రం తప్పకండి. అనుమానం పుట్టించిన హ్యాండ్లతోనే ఆ అనుమానాన్ని రుజువు చేయకూడదు. ఫైళ్ళను తేదీ ప్రకారం రెండు భాగాలు చేసి, మొదటి సగంతో ఏ నలభై కొలతలు చూడాలో నిర్ణయించుకుని కాగితం మీద రాసిపెట్టుకోండి. రెండవ సగాన్ని ఆ తరువాతే తెరవండి. అలాగే మీకు ఏ అనుమానమూ లేని ఇరవై మంది నిత్య ఆటగాళ్ళను కూడా అదే త్రాసులో తూచండి. వాళ్ళలో వాళ్ళకు ఎంత పోలిక ఉందో తెలియకుండా ఈ ముగ్గురి పోలిక ఎక్కువో తక్కువో చెప్పలేము.

టపా 5 | ఎడిసన్‌వాసి

సంభావ్యత గారూ, కృతజ్ఞతలు. ఈ పనికి రెండు మూడు వారాంతాలు పడతాయి, అయినా చేస్తాను. ఆలోచించే సమయం గురించి మీరేమీ అనలేదు. నాకు మొదట అనుమానం తెప్పించింది అదే.

టపా 6 | తెరచాటు

దానికి నేను సమాధానం చెబుతాను. పోకర్ సంస్థలలో నేను ఎన్నడూ పనిచేయలేదు కానీ, ఆన్‌లైన్ చెల్లింపులలో మోసాలను పట్టుకునే విభాగంలో పదకొండేళ్ళుగా ఉన్నాను, అక్కడా ఇక్కడా వాడే పనిముట్లు చాలావరకు ఒకటే.

బాట్ ఎప్పుడూ ఒకే వేగంతో ఆడుతుందనేది పాత మాట. ప్రోగ్రాం రాసేవాడికి మొదట తట్టేది కూడా అదే కాబట్టి, రెండు నుంచి ఐదు సెకన్ల మధ్య ఏదో ఒక సమయాన్ని చీటీ తీసినట్టు ఎంచుకోమని రాస్తాడు. ఎంత ఆలస్యం చేయాలో అతనికి తెలుసు, ఎప్పుడు ఆలస్యం చేయాలో చెప్పడమే కష్టం. మనిషి తేలిక నిర్ణయాన్ని క్షణంలో, కష్టమైన నిర్ణయాన్ని తాపీగా తీసుకుంటాడు. అందుకే సగటు సమయం కాదు, సమయానికీ నిర్ణయం బరువుకూ మధ్య ఉన్న సంబంధం చూడాలి. పాట్ పెద్దదవుతున్నా, ఎదుటి బెట్ వింతగా ఉన్నా గడియారం చలించకపోతే అది గట్టి సూచన. మీ రెండు తొమ్మిదుల హ్యాండ్ అలాంటిదే, కానీ అది ఒక్కటే హ్యాండ్. పైగా హ్యాండ్ ఫైలులో హ్యాండ్ మొదలైన సమయమే తప్ప ఒక్కొక్క నిర్ణయానికి పట్టిన సమయం సాధారణంగా ఉండదు. తెరను వీడియో తీసుకుని కొలవడమే మీకున్న మార్గం. సర్వర్ దగ్గర మాత్రం ప్రతి నిర్ణయం సమయమూ మిల్లీసెకన్ల లెక్కలో ఉంటుంది.

సైటు చూడగలిగేవి ఇంకా ఉన్నాయి. నాసిరకం బాట్ ఫోల్డ్ బటన్ మీద ప్రతిసారీ ఒకే చుక్కను నొక్కుతుంది, కొంచెం తెలివైనది బటన్ వైశాల్యమంతటా సమంగా చెదిరి నొక్కుతుంది. మనిషి ఈ రెండూ చేయడు. మౌస్ ఏ వైపు నుంచి వచ్చిందో ఆ అంచుకు దగ్గరగా నొక్కుతాడు, తరువాతి బటన్ కూడా అక్కడే వస్తే చెయ్యి కదపకుండానే మళ్ళీ నొక్కుతాడు. ఫోన్లో అయితే వేలి ఒత్తిడి, వేలు ఆనిన వైశాల్యం, ఫోన్ వణుకు కూడా కొలవవచ్చు. కంప్యూటర్ మీద నకిలీ ఫోన్ నడిపేవారి దగ్గర ఆ అంకెలు అసలు కదలవు.

కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసే తనిఖీ కూడా ఉంది. మీ రాష్ట్రంలో స్థలనిర్ధారణ ప్రోగ్రాం రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సాధనం) తెరిచి ఉంటే ఆటలోకే రానివ్వదు, ఆ సంగతి మీకు అనుభవమే అయి ఉంటుంది. కానీ ఈ తనిఖీ బద్ధకస్తుడైన దొంగనే పట్టుకుంటుంది. ఆట నడిచే కంప్యూటర్ తెరను కేబుల్ ద్వారా పక్క కంప్యూటర్‌కు పంపి, నిర్ణయం అక్కడ తీసుకుని, మౌస్‌లా నటించే చిన్న యూఎస్‌బీ పరికరంతో తిరిగి నొక్కిస్తే, మొదటి కంప్యూటర్‌లో వెతికినా దొరికేదేమీ ఉండదు. కాబట్టి చివరికి మిగిలే సాక్ష్యం ఆట ఆడిన తీరే.

నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటి చెబుతాను. తెరను చదివే బాట్‌కు ఏ ముక్క ఏ చుక్కల దగ్గర కనిపిస్తుందో, పాట్ అంకె ఎక్కడ ఉంటుందో చెప్పే పటం ఒకటి ఉండాలి. సైటు ముందుగా చెప్పకుండా ఒక మంగళవారం పొద్దున బటన్లను నాలుగు చుక్కలు పక్కకు జరిపి, అంకెల అక్షరరూపం కాస్త మార్చిందనుకోండి. మనిషికి ఆ తేడా కంటికి కూడా ఆనదు, ఆ పటం మీద ఆధారపడిన ఖాతాలు మాత్రం ఒక్కసారిగా ఆట ఆపేసి బయటికి పోతాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ నింద వేయకముందే తమంతట తామే బయటపడతాయి.

టపా 7 | ప్రశ్నార్థకం

ఇదంతా బాగుంది. తప్పుగా పట్టుబడినవాడి సంగతి కూడా ఎవరైనా చెప్పాలి కదా, ఆ పని నేను చేస్తాను. రెండేళ్ళ క్రితం ఒక సైటు నా ఖాతాను 23 రోజులు స్తంభింపజేసింది. నేను ఒకేసారి ఎనిమిది టేబుళ్ళు ఆడేవాడిని. ఎనిమిది టేబుళ్ళు ఆడేవాడు ఆలోచించడు, అలవాటు ప్రకారం నొక్కుతూ పోతాడు. తెరచాటు గారు చెప్పిన గడియారపు లెక్కలో నేను అచ్చంగా యంత్రాన్నే.

గది మొత్తం కనిపించేలా, చేతులు, మౌస్, తెర ఒకే చట్రంలో ఉండేలా, నేను ఆడుతుండగా గంటకు పైగా వీడియో తీసి పంపమన్నారు. మా ఆవిడ కుర్చీ మీద నిలబడి ఫోన్ పట్టుకుంది. మధ్యలో మా అత్తగారు కాఫీ తెచ్చి, ఏమిటీ సినిమా షూటింగా అని అడిగారు. ఆ మాట కూడా వీడియోలో ఉండే ఉంటుంది. ఖాతా తిరిగి తెరిచారు, క్షమాపణ మాత్రం చెప్పలేదు. అందుచేత ఎడిసన్‌వాసి గారూ, ఆ మూడు ఖాతాల వెనుక ముగ్గురు అలసిపోయిన మనుషులు ఉండే అవకాశాన్ని కూడా మరచిపోకండి.

టపా 8 | సంభావ్యత

ప్రశ్నార్థకం గారి అనుభవం వెనుక ఉన్న లెక్క చూపిస్తాను, అంకెలు ఊహించుకున్నవే. లక్ష ఖాతాలున్న సైటులో నూటికి అర వంతు, అంటే 500 బాట్లు అనుకోండి. బాట్లలో 95 శాతాన్ని పట్టుకుంటూ, మనుషులలో ఒక్క శాతాన్ని మాత్రమే పొరబాటున పట్టుకునే పరీక్ష ఉందనుకుందాం. వినడానికి అది గొప్ప పరీక్షే. అది 475 బాట్లను పట్టుకుంటుంది, దాంతోపాటు 995 మంది మనుషులనూ పట్టుకుంటుంది. వలలో పడిన ముగ్గురిలో ఇద్దరు నిర్దోషులు. కాబట్టి యంత్రం గుర్తించగానే డబ్బు జప్తు చేసే సైటు కంటే, యంత్రం గుర్తించినవారిని మనిషి కూర్చుని మళ్ళీ పరిశీలించే సైటునే నేను నమ్ముతాను. ఆ వీడియో అడగడం మీకు అవమానంగా తోచి ఉండవచ్చు, కానీ ఆ 995 మందిలో ఒకరు బయటపడిన ద్వారం అదే.

టపా 9 | కృష్ణాతీరం

విజయవాడ నుంచి రాస్తున్నాను. మా దగ్గర ఇప్పుడు ఈ ఆటలేవీ లేవు. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో నిషేధం దేశమంతటికీ వచ్చింది. మా రాష్ట్రంలో నిషేధం రాకముందు మూడేళ్ళపాటు నేను ఆన్‌లైన్ రమ్మీ ఆడాను. ఎంత పోగొట్టుకున్నానో ఇక్కడ రాయను, ఇంట్లో కూడా చెప్పలేదు.

ఈ చర్చ చదువుతుంటే నాకొకటి తట్టింది. రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నేర్పు కావాలి అనేది అందులోని తర్కం. పెళ్ళివారింట్లో చాప మీద ఆడేటప్పుడు ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఎదుటివాడు ఎప్పుడో పారేసిన ఇస్పేటు ఎనిమిదిని గుర్తుపెట్టుకున్నవాడే గెలుస్తాడు. కానీ ఒక్క ముక్కనూ మరచిపోని యంత్రం ఎదుట కూర్చుంటే, ఆ నైపుణ్యమే మనకు ఉరితాడు అవుతుంది కదా?

నా సందేహాలు రెండు. బయటివాడి బాట్‌ను సైటు పట్టుకుంటుందన్నారు, సైటే సొంతంగా బాట్లను కూర్చోబెడితే పట్టుకునేదెవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రెండవది అమాయకమైన ప్రశ్నే కావచ్చు. బ్యాంకు వెబ్‌సైట్లలో వంకర అక్షరాలు చదివించినట్టు ఇక్కడ కూడా చదివిస్తే సరిపోదా?

టపా 10 | తెరచాటు

కృష్ణాతీరం గారూ, ముందు రెండవ ప్రశ్న తీసుకుంటాను, అది అమాయకమైనది కాదు. ఆన్‌లైన్ ఆటల్లో క్యాప్చా, అంటే మీరన్న వంకర అక్షరాల పరీక్ష, వాడి బాట్లను ఎలా ఆపవచ్చో ఫిలిప్ గోల్, నికొలస్ డుషెనో అనే పరిశోధకులు 2005లోనే వివరంగా రాశారు. ఆట మధ్యలో పరీక్ష పెడితే ఆటగాడికి చికాకు, పెట్టకపోతే లాగిన్ దగ్గర మనిషి పరీక్ష రాసి తరువాత బాట్‌ను కూర్చోబెట్టి వెళ్ళిపోతాడు. దీనికి విరుగుడుగా రోమన్ యాంపోల్‌స్కీ, వేణు గోవిందరాజు ఒక చక్కని ఆలోచన చేశారు. పరీక్షను విడిగా పెట్టకుండా పేకముక్కల బొమ్మలనే యంత్రం చదవలేని రూపంలో చూపిస్తే, ఆట ఆడడమే పరీక్ష రాయడం అవుతుంది. ఆ రోజుల్లో అది పనిచేసేదే. ఇప్పుడు వంకర బొమ్మలను చదవడంలో యంత్రాలు మనకంటే ముందున్నాయి, ముక్కను ఇంకా వంకర చేస్తే కళ్ళజోడు పెట్టుకున్న మనిషే ముందు ఓడిపోతాడు. ఇప్పుడు క్యాప్చాకు మిగిలిన ప్రయోజనం ఒక్కటే. అనుమానం ఉన్న ఖాతాకు తెల్లవారుజామున మూడింటికి పెడితే కుర్చీలో మనిషి ఉన్నాడో లేడో తెలుస్తుంది. ఒకే వ్యక్తి పర్యవేక్షించే పది ఖాతాలకు ఒకే నిమిషంలో పెడితే ఇంకా బాగా తెలుస్తుంది.

మీ మొదటి ప్రశ్నకు సాంకేతిక సమాధానం లేదు. సర్వర్ సైటు చేతిలో ఉన్నప్పుడు మనం కొలిచే ప్రతిదీ వాళ్ళు ఇచ్చిందే. బయటి నియంత్రణ సంస్థ తనిఖీ చేసే హక్కు, ఆటగాడికి తన హ్యాండ్ ఫైళ్ళు దించుకునే హక్కు ఉండడమే దానికి విరుగుడు.

టపా 11 | పాతముక్క

సైటు తానే బాట్లను రాయకపోయినా, ఉన్నవాటిని చూసీ చూడనట్టు వదిలేయడానికి కారణాలు లేకపోలేదు. ఖాళీ టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, నాలుగు కుర్చీలు నిండి ఉంటే ఐదవవాడు వచ్చి కూర్చుంటాడు. ప్రతి పాట్ నుంచి సైటుకు కోత వస్తుంది, ఆ కోత బాట్ జేబులోంచి వచ్చినా డబ్బు డబ్బే. సైబీరియాలోని ఓమ్స్క్ నగరంలో కొందరు కుర్రవాళ్ళు మొదలుపెట్టిన బాట్ వ్యాపారం ఎంత పెద్ద సంస్థగా ఎదిగిందో 2024 సెప్టెంబరులో బ్లూంబర్గ్ ఒక పెద్ద కథనంలో రాసింది. అందులో నన్ను ఆగి ఆలోచింపజేసిన అంశం, టేబుళ్ళు నిండుగా కనిపించడం కోసం బాట్లు కావాలనుకునే నిర్వాహకులూ ఉండడం.

చిత్తశుద్ధితో పనిచేసే సైట్లు కూడా ఉన్నాయి. పార్టీపోకర్ 2018 డిసెంబరు నుంచి కొద్ది నెలలలో 277 బాట్ ఖాతాలను మూసి, వాటి నుంచి స్వాధీనం చేసుకున్న 7 లక్షల 30 వేల డాలర్లకు పైగా సొమ్మును నష్టపోయిన ఆటగాళ్ళకు పంచినట్టు స్వయంగా ప్రకటించింది. ఆ తరువాత, 2019 జూన్‌లో, ఆటగాళ్ళు తమ పేర్లు మార్చుకునేలా చేసి, హ్యాండ్ ఫైళ్ళు దించుకునే సౌకర్యాన్ని తీసేసింది. ఎదుటివారి అంకెలు చూసి కొత్తవారిని వేటాడేవారిని అరికట్టడం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ 2015లో ఒమాహా ఖాతాలను పట్టించింది ఆ ఫైళ్ళే అని గుర్తు చేసుకుంటే, అది ఊరి కాపలాదారు బాగా పనిచేస్తున్నాడని చెప్పి ఇంటింటా ఉన్న లాంతర్లు తీసుకుపోయినట్టు నాకు తోచింది. ఇక్కడ చాలామంది నాతో ఏకీభవించరని తెలుసు.

టపా 12 | ప్రశ్నార్థకం

ఏకీభవించను. లాంతరు నాకూ ఉంటుంది, నన్ను వేటాడేవాడికీ ఉంటుంది. కొత్తగా వచ్చినవాడి దగ్గర మాత్రం ఉండదు. ఎదుటివారి పేర్లకు బదులు ప్రతి టేబుల్‌కూ మారే సంకేతాలు పెట్టి ఫైళ్ళు ఇస్తే, వేట ఆగుతుంది.

టపా 13 | సంభావ్యత

వేట ఆగుతుంది, దాంతోపాటు ఎడిసన్‌వాసి గారి లెక్క కూడా ఆగిపోతుంది. ఒకే ఖాతాను 9,000 హ్యాండ్లపాటు గుర్తుపట్టగలిగినందువల్లనే ఆయన ఈ ప్రశ్న అడగగలిగారు. ఆరు నెలలు గడిచాక అసలు పేర్లతో ఫైళ్ళు ఇవ్వడం నాకు నచ్చే మధ్యేమార్గం. అప్పటికి వేటగాడికి ఆ సమాచారం పాతబడుతుంది, పరిశీలకుడికి పాతబడదు.

టపా 14 | ఎడిసన్‌వాసి

ఐదు వారాల తరువాత మళ్ళీ వచ్చాను. సంభావ్యత గారు చెప్పినట్టే చేశాను. మొదటి సగం హ్యాండ్లతో నలభై కొలతలు ఎంచుకుని నోటుబుక్కులో రాసి, తేదీ వేసి, మా ఆవిడ చేత సంతకం కూడా పెట్టించాను. ఆ తరువాతే రెండవ సగం తెరిచాను. అనుమానం లేని ఇరవై మందిని కూడా తీసుకున్నాను. వారిలో 190 జంటలయ్యాయి. ఆ జంటలలో అతి దగ్గరి పోలిక నలభైలో 29. క, చ ఖాతాల మధ్య పోలిక 38. ఇక ట ఖాతా విషయానికి వస్తే, క ఖాతాతో దానికి 24 మాత్రమే. అంటే నేను మొదటి టపాలో ఒకే గాటన కట్టిన మూడింటిలో ఒకటి ఆ గాటనుంచి తప్పుకుంది.

తెరను మూడు రాత్రులు వీడియో తీసి, ఆగుతూ చూస్తూ 212 నిర్ణయాల సమయం రాసుకున్నాను. క, చ ఖాతాలకు పాట్ చిన్నదైనా పెద్దదైనా మూడు నుంచి ఐదు సెకన్లే. ట ఖాతా మాత్రం ఫ్లాప్‌కు ముందు ఒక్క సెకనులో ఫోల్డ్ చేసి, పెద్ద పాట్లలో పాతిక సెకన్ల దాకా తీసుకుంది. రెండు తొమ్మిదుల హ్యాండ్‌లో నా ఎదుట ఉన్నది చ అని ఫైలు తెరిచి చూసి నిర్ధారించుకున్నాను.

తెరచాటు గారి మాట చదివాక ఇంకొకటి వెతికాను. మా సైటు వసంతకాలంలో ఒకరోజు తెర రూపాన్ని కాస్త మార్చింది. నాకు బటన్ల రంగు మారిందని మాత్రమే తెలిసింది. ఆ రోజు నుంచి క, చ రెండూ రెండు రోజులపాటు నా ఫైళ్ళలో ఎక్కడా లేవు. మూడవ రోజు సాయంత్రం పది నిమిషాల తేడాతో రెండూ తిరిగి వచ్చాయి. ట ఖాతా ఆ రెండు రాత్రులూ ఎప్పటిలాగే ఆడింది. నేను ఆడిన వేళల్లోనే నాకు కనిపిస్తుంది కాబట్టి దీన్ని రుజువు అనను. క, చ ఖాతాల వివరాలు, లెక్క, వీడియోలు, నోటుబుక్కు ఫోటోతో సహా సైటు భద్రతా విభాగానికి పంపాను. ట పేరు రాయలేదు.

టపా 15 | తెరచాటు

మీరు పంపినది మా విభాగానికి వచ్చే ఫిర్యాదులలో నూటికి తొంభైతొమ్మిదింటి కంటే శుభ్రంగా ఉంది. జవాబులో వివరాలు ఆశించకండి. ఎలా పట్టుకున్నారో చెబితే అవతలివాడు తరువాతి బాట్‌ను అక్కడే సరిచేసుకుంటాడు కాబట్టి, సంస్థలు నోరు విప్పవు.

టపా 16 | ఎడిసన్‌వాసి

ఏడు వారాలకు జవాబు వచ్చింది. తెరచాటు గారు చెప్పినట్టే నాలుగు వాక్యాల ఉత్తరం. ఆట నియమాలను ఉల్లంఘించిన ఖాతాలపై చర్య తీసుకున్నామని, నా ఖాతాకు 38 డాలర్ల 17 సెంట్లు జమ చేశామని అందులో ఉంది. ఏ ఖాతాలో, ఎన్ని ఖాతాలో, ఏ లెక్కన 17 సెంట్లో చెప్పలేదు. క, చ ఖాతాలు పది రోజులుగా కనిపించడం లేదు.

ట ఖాతా మాత్రం నిన్న రాత్రి నా ఎడమ పక్క కుర్చీలోనే ఉంది. రివర్‌లో నేను చేతిలో ఏమీ లేకుండా 30 డాలర్లు పెడితే, ఇరవై రెండు సెకన్లు ఆలోచించి, తానూ అంతే పెట్టి కాల్ చేసింది.

టపా 17 | ప్రశ్నార్థకం

ఎనిమిది టేబుళ్ళు ఆడేవాడైతే అంతసేపు ఆలోచించేవాడు కాదు. మనిషే.

టపా 18 | ఎడిసన్‌వాసి

అవును. ఆ తరువాత చాట్‌లో నవ్వు బొమ్మ ఒకటి పెట్టాడు. ఇన్ని నెలల్లో అతను చాట్‌లో పెట్టింది అదొక్కటే.